మూడో డీపులో అట్ట పంకా

రోజు 1. మొదటి షిఫ్టు అయిపోయాక

ఈ పుస్తకం నాది కాదు. డిజైన్ థింకింగ్ బడి వాళ్లది. రోజూ ఏం చేశానో, ఏమనిపించిందో ఇందులో రాయాలట. రాస్తే నెలాఖరుకు పైకి పోయి పొద్దు పొడుపు చూసే చీటీ ఒకటి ఇస్తారట. నేను చదివింది నాలుగో తరగతి. నా అక్షరాలు పెద్దవి, కాగితం తొందరగా అయిపోతుంది. అయిపోతే ఇంకో పుస్తకం ఇచ్చుకోవడం వాళ్ల పని.

నా పేరు ఓదెలు. ఉండేది పాత బొగ్గుబాయి లోపల కట్టుకున్న లోపలూరు, మూడో డీపు అనే అడుగు మట్టం, ఎడమ గ్యాలరీ, అంటే ఎడమ సొరంగం. నలభై ఒక్క ఏళ్లుగా గాలి తలుపుల పని. పొద్దున వెళ్లి రెండు తలుపులకూ నూనె పెట్టాను. పుట్టగొడుగుల బండి వస్తే మొదటి తలుపు తీసి లోపలికి రానిచ్చి, అది మూసి, రెండోది తీసి పంపాను. రెండూ ఒకేసారి తెరిస్తే పైనుంచి వచ్చే గాలి ఇళ్ల ముందుకు రాకుండా దగ్గరి దారిన వెళ్లిపోతుంది. గాలి అంత సోమరిది లోకంలో లేదు. మా పక్కింటి పోశాలు ఉన్నాడు గానీ వాడు రెండోవాడు.

మా గ్యాలరీ ఈ బాయిలో అన్నిటికన్నా లోతు. బొగ్గు తవ్విన రోజుల్లో చివరగా తవ్వింది ఇదే. పైన పెట్టిన పెద్ద పంకా తోసే గాలికి ఇంత దూరం వచ్చేసరికి ఓపిక ఉండదు. అందుకని గ్యాలరీ చివర చిన్న పంకా ఒకటి పెట్టారు. ముప్పై ఎనిమిది ఇళ్లకు అదే దిక్కు.

తిండి వేళకు బడి నుంచి ఇందుప్రియ అని ఒక పిల్ల వచ్చింది. పై లెవల్ బిడ్డ. చేతిలో పెన్సిలు, మెడలో మాట పట్టుకునే పెట్టె.

"తాతా, మా చదువుకు అయిదు మెట్లుంటాయి. మొదటి మెట్టు, మీ బాధ మేము పడటం," అంది.

"నా బాధ నేను పడుతున్న గద బిడ్డా. దానికి ఇద్దరెందుకు?"

అది కూడా రాసుకుంది.

మా మధునమ్మ మర్యాదకు, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

"లేదు అమ్మమ్మా, పెట్టండి," అనేసింది ఆ పిల్ల.

మధునమ్మ చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. మా ఇళ్లలో తిన్నావా అంటే తిన్నాననాలి. మళ్లీ అడిగితే, ఇప్పుడే తిన్నానని పొట్ట నిమురుకోవాలి. మూడోసారి కంచం తెచ్చి ముందు పెడితే, అప్పుడు 'మీరు ఊకోరు గద' అంటూ కూర్చోవాలి. ఈ పిల్ల మొదటిసారికే కూర్చుని మా ఇద్దరి జొన్న గటకా తినేసింది.

తిన్నాక అడిగింది. "గాలి సరిపోతుందా తాతా?"

"గాలికేం తక్కువ? మస్తుగున్నది."

"చివర ఆ చిన్న పంకా అవసరమేనా?"

"ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే." చాయ్ గొంతుకు అడ్డం పడి కొంచెం ఆగాను. ఆమె ఎదురుచూసింది.

"ఇంకేమైనా కావాలా?"

"ఏం వద్దు."

పుస్తకం మూసి లేచింది. ఒక్కసారే అడిగి వెళ్లిపోయింది. చదువు పెద్దదే గానీ పెంపకం తక్కువ.

రోజు 4

ఇందుప్రియ ముప్పై ఎనిమిది ఇళ్లూ తిరిగింది. ఎవరేం చెప్పారో రంగు కాగితాల మీద రాసి మా గ్యాలరీ గోడకు అంటించింది. పచ్చవి, గులాబీవి, నీలివి.

పోశాలు చూసి, "ఓదెలన్నా, గోడకు తట్టు లేసినట్టున్నది," అన్నాడు.

ఈ రోజు బడి పెద్ద వైకుంఠం సార్ స్వయంగా దిగాడు. తెల్ల బూట్లు. మా డీపులో తెల్ల బూట్లు నేను చూడటం ఇదే మొదలు. ఒక్కో కాగితం చదివాడు. మాకేం తక్కువ. ఏం వద్దు. మంచిగనే ఉన్నం. మీరు అడిగిండ్రు అదే సాలు. చదివేకొద్దీ ఆయన కళ్లు తడి అయ్యాయి.

"ఇంత తృప్తి నేను ఎక్కడా చూడలేదు," అన్నాడు పిల్లలతో. "రెండో మెట్టు, సమస్యకు పేరు పెట్టడం. చెప్పండి. ఇక్కడ సమస్య ఏమిటి?"

ఆయనే గోడ మీద పెద్దగా రాశాడు: మూడో డీపులో గాలి అవసరానికి మించి ఉంది.

తర్వాత మా అందరి మాటలూ కలిపి ఒక నమూనా మనిషిని తయారుచేశారు. బొమ్మ గీశారు. పేరు సంతోషం తాత. నాలాగే మీసం, నాలాగే బట్టతల. పళ్లు మాత్రం ముప్పై రెండు పెట్టారు. పక్కన రాశారు: 'సంతోషం తాతకు కొంచెం గాలి చాలు. నిశ్శబ్దం ఇష్టం. ఎవరినీ ఏమీ అడగడు.'

"మరి గీయనను ఏం జేస్తరు?" అని అడిగాను.

"ఇక మీదట ఏది కట్టినా ఈయన కోసమే కడతాం," అన్నాడు సార్.

"మరి మాకు?"

"మీరే కదండీ ఈయన!"

నేను ఇంకోసారి పళ్లు లెక్కపెట్టాను.

రోజు 6

మూడో మెట్టు. ఉపాయాలు చెప్పడం. ఏ ఉపాయమూ చెడ్డది కాదని, ఎవరినీ కాదనకూడదని గోడకు రాశారు. మమ్మల్ని కూడా పిలిచి వలయంలో కూర్చోబెట్టారు. ఒక పిల్లవాడు పంకాకు చిలుకల రంగు వేద్దామన్నాడు. ఇంకొకడు గాలి లేకపోయినా ఉన్నట్టు చప్పుడు వినిపించే పెట్టె పెడదామన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నన్ను అడిగితే, "సార్ గదిల పంకా తెచ్చి ఈడ బిగిద్దాం," అన్నాను.

"చాలా బాగుంది!" అన్నాడు సార్. కాగితం మీద రాసి అంటించారు. ఆ తర్వాత దాని వైపు ఎవరూ చూడలేదు. చూస్తే కాదనాల్సి వస్తుంది, కాదనకూడదని రూలు.

చివరికి సార్ తన ఉపాయం చెప్పాడు. మొదటి లెవల్లో ఆనంద గ్యాలరీ అని కొత్తగా కడుతున్నారట. లోపల కూర్చుంటే సముద్రం ఒడ్డున కూర్చున్నట్టు గాలి వీస్తుందట. సముద్రం చూసినవాడు ఈ ఊళ్లో ఒక్కడూ లేడు, కాబట్టి బాగా లేదనే ధైర్యం ఎవరికీ ఉండదు.

"అక్కర్లేని చోటి గాలిని అక్కరున్న చోటికి పంపితే అది పర్యావరణం. దానికి నెల చందా పెడితే అది వ్యాపారం. రెండూ కలిస్తే అదే డిజైన్ థింకింగ్," అన్నాడు.

పిల్లలు రాసుకున్నారు. నేనూ రాశాను, ఇదిగో.

రోజు 8

నాలుగో మెట్టు నమూనా. పొద్దున నలుగురు వచ్చి మా చిన్న పంకా విప్పి తీసుకుపోయారు. ఆ బొక్కలో అట్టతో చేసిన పంకా ఒకటి పెట్టారు. రెక్కలు అట్ట, బోల్టులు అట్ట, మీట కూడా అట్టే. మీట మీద 'నొక్కండి' అని రాసి ఉంది.

"గిదేం జేస్తది బిడ్డా?" అన్నాను.

"అది తిరగదు తాతా. అది ఉన్నట్టు మీరు అనుభవించాలి. మీకెలా ఉందో మేం చూస్తాం," అంది ఇందుప్రియ.

పోశాలు వెళ్లి మీట నొక్కాడు. కాసేపు దాని ముందు నిలబడి చొక్కా గుండీలు విప్పుకున్నాడు. "సల్లగనే ఉన్నది," అన్నాడు. వాడికి ఎదుటివాళ్లను నొప్పించడం చేతకాదు. ఆ మాట కూడా కాగితమై గోడకెక్కింది.

రెండో షిఫ్టులో తలుపు దగ్గర ఒక గుడ్డ పేలిక కట్టి చూశాను. మామూలుగా గ్యాలరీ వైపు ఎగిరేది. ఈ రోజు చచ్చిన బల్లిలా వేలాడింది.

ఇంటికి పోయి మధునమ్మను అడిగాను. "ఊపిరి ఎట్లున్నది?"

"నాకేమైతది? మంచిగున్న," అంది.

సరే అనుకున్నాను.

రోజు 11

మధునమ్మ చాప తెచ్చుకుని నా తలుపు దగ్గర కూర్చుంది. తలుపు సందులోంచి సన్నగా గాలి కొడుతుంది, అందుకు. నన్ను చూసి, "నువ్వు ఒక్కనివి ఉంటవని ఒచ్చిన," అంది. నలభై ఏళ్లుగా ఒక్కడినే ఉన్నాను, ఇప్పుడు గుర్తొచ్చానా అనుకుని ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి నాలుగిళ్ల అవతలి చంద్రమ్మ వచ్చింది. ఆమె కూడా నా కోసమేనట. తర్వాత పోశాలు, వాడి తల్లి, ఇంకా పదిమంది. నేను ఇంత మంచివాడినని నాకే తెలియదు. సందు దగ్గర చోటు కోసం మెల్లగా జరుగుతూ, ఎవరికి వాళ్లు కబుర్లకే వచ్చినట్టు కూర్చున్నారు. ఈ గుంపులో బండి వస్తే తలుపు తీయడానికి నా ప్రాణం పోయింది. ఒకసారి పోశాలు వీపు తగిలి రెండో తలుపు తెరుచుకోబోయింది. వాడి తల్లి ముందే తిట్టాను.

ఇందుప్రియ వాళ్లు వచ్చి మమ్మల్ని చూసి మురిసిపోయారు. ఫొటోలు తీశారు. వైకుంఠం సార్ అన్నాడట, పంకా చప్పుడు పోయేసరికి మనుషులు ఒకరి దగ్గరికి ఒకరు చేరారని. సంతోషం తాత బొమ్మ కింద కొత్తగా రాశారు: 'గుంపుగా కూర్చోవడం ఇష్టం.'

రోజు 13

మధునమ్మ పడుకోవడం లేదు. గోడకు ఆనుకుని కూర్చునే కళ్లు మూసుకుంటోంది. ఊపిరి తీస్తుంటే లోపల పిల్లి కూన అరిచినట్టు చప్పుడు. అడిగితే, "నడుము పట్టింది, అందుకే కూసున్న," అంది.

మొదటి లెవల్‌కు ఎక్కి బడికి పోయాను. అభిప్రాయం చెప్పాలంటే గోడ మీద అయిదు మొహాలు ఉన్నాయి, ఒకటి నొక్కాలి. అయిదూ నవ్వుతున్నాయి. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. నొక్కకుండా ఇందుప్రియను పిలిపించాను.

"మా పంకా మాకు పెట్టుండ్రి," అన్నాను.

"తాతా, మీరే వద్దన్నారు," అని మెడలో పెట్టె నొక్కింది. నా గొంతు వచ్చింది. 'ఏం వద్దు.' జమీందారు గొంతులా ఉంది.

"వద్దంటె వద్దని గాదు బిడ్డా."

"మరి?"

"ఇంకోసారి అడుగుమని."

"అడిగితే కావాలనేవాళ్లా?"

"అప్పుడూ వద్దనే అంటం."

పెన్సిలు కింద పెట్టింది. "మరి కావాలని ఎప్పుడంటారు తాతా?"

"మేమనం. మీరే ఎరుక జేసుకోవాలె."

"ఎట్లా?" ఏడుపు గొంతు. "పైన మమ్మల్ని యంత్రాలు అడుగుతాయి. తిండీ, నీళ్లూ, మందూ అన్నీ. ఒక్కసారే అడుగుతాయి. వద్దంటే వెళ్లిపోతాయి, మళ్లీ రావు. చిన్నప్పుడు ఒకసారి సిగ్గుపడి వద్దన్నాను. రెండు రోజులు పస్తున్నాను."

ఆ పిల్లకు పెంపకం తక్కువని రాశాను. అది కొట్టేయడానికి నాకు ఓపిక లేదు గానీ, కొట్టేసినట్టే చదువుకోండి.

ఎల్లుండి కాక ఆవలెల్లుండి అయిదో మెట్టు, పరీక్ష. పై హాల్లో అందరినీ అడుగుతారట. అక్కడ ఎవరి నోటితో వాళ్లు కావాలంటేనే లెక్క. ఎవరూ అనకపోతే మా పంకాను ఆనంద గ్యాలరీలో బిగించేస్తారు. ఇక రాదు.

రోజు 14

ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఆ పిల్ల ఇల్లిల్లూ తిరిగి అడిగినప్పుడు అన్నట్టు అనొద్దు, ఎల్లుండి సార్ అడిగితే కావాలనండి అని.

"నువ్వు ముందు అను," అన్నాడు పోశాలు.

"నేనెందుకంట? నాకేం తక్కువ?"

"మరి నాకేం తక్కువైంది?"

చంద్రమ్మ, "మీ మగోళ్లు అంటే మేం ఎనకనుంచి తలకాయ ఊపుతం," అంది.

పగటి తిండికి ఇంటికి వచ్చాను. తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి, ఆకలి మండిపోతోంది. మధునమ్మ గటక పెట్టి, "ఇంకొంచెం?" అంది. "వద్దు," అన్నాను, నోటి అలవాటు. కుండ మూత పెట్టేసింది. అడగలేదు మళ్లీ. నేను కుండ వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఏంది సూస్తున్నవ్?" అంది.

"మల్లోసారి అడగవా?"

"అడగ. ఎల్లుండి ఆ సారు మూడుసార్లు అడుగుతడా నిన్ను? గిది నేర్సుకో ముందు." ఆ రెండు మాటలకే ఆయాసం వచ్చి కూలబడింది. వీపు నిమరడానికి చెయ్యి వేస్తే ఎముకలు కదలడం తెలిసింది.

అప్పుడు నా బుర్రలో పడింది. ఎనిమిదో రోజు నేను ఏం రాశానో వెనక్కి తిప్పి చూశాను. ఊపిరి ఎట్లున్నది అని అడిగాను. మంచిగున్న అంది. సరే అనుకున్నాను. నలభై ఎనిమిదేళ్ల కాపురం. ఈమె 'మంచిగున్న' అంటే ఏమిటో నాకు తెలియదా? నేనూ ఆ యంత్రంలా ఒక్కసారే అడిగి పోయాను. బడి వాళ్లను తిట్టడానికి నాకేం మొహం ఉంది?

ఆకలితోనే పనికి పోయాను. కుండ మూత నేను తీసుకుని తినొచ్చు. తినలేదు.

రోజు 16

పై హాలు. మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి. ముప్పై ఎనిమిది ఇళ్లూ వచ్చాయి. మధునమ్మను రెండు చోట్ల కూర్చోబెట్టి కూర్చోబెట్టి ఎక్కించాను. ఆమె చాప వదల్లేదు, చంకలో పెట్టుకునే వచ్చింది. గోడకు సంతోషం తాత బొమ్మ, మనిషంత పెద్దది.

వైకుంఠం సార్ మైకు పట్టుకున్నాడు. "నమూనా పెట్టి ఎనిమిది రోజులైంది. ఎవరికైనా ఏమైనా కావాలా?"

అందరూ కాళ్ల వేళ్లు చూసుకుంటున్నారు. పోశాలు లేచి, "ఏం వద్దు సార్, మీ దయ," అని కూర్చున్నాడు. కూర్చున్నాక నాలుక కరుచుకున్నాడు.

నేను లేచాను. పైకప్పు విరిగిపడిన రోజు కూడా ఇంత భయం లేదు.

"గాలి కావాలె," అన్నాను.

సార్ బొమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అది సంతోషం తాత స్వభావానికి సరిపోదండీ. ముప్పై ఎనిమిదిలో ఒక్కరు అంటే లెక్కలోకి రాదు."

"నాకు గాదు. నా పెండ్లాం మధునమ్మకు ఊపిరాడుతలేదు. వారం సంది పండుకోలే. కూసునే ఉంటున్నది. పంకా కావాలె. ఇయ్యాలనే కావాలె."

పదిమందిలో ఇంటి సంగతి చెప్పేశాను. సిగ్గుతో చెవులు కాలాయి. మధునమ్మ లేచి నిలబడింది. నన్ను చంపేస్తుందనుకున్నాను.

"అబద్ధం సార్! నాకేం లేదు," అంది ఆయాసపడుతూ. "గీ ముసలోనికే దగ్గు. ఏండ్ల సంది. దగ్గొచ్చినప్పుడల్లా తలుపు దబ్బున ఏసి సప్పుడుల దాస్తడు. నాకు ఇనబడదనుకుంటడు. పంకా ఆయనకే కావాలె."

ఆ సంగతి ఈ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. రాయదలచుకోలేదు కూడా.

తర్వాత చంద్రమ్మ లేచింది. "పోశాలు దొంగ సార్! ఆని తల్లి మొన్న కండ్లు తిరిగి పడ్డది. ఆడు చెప్పడు."

పోశాలు ఊరుకుంటాడా? "మరి నీ మనవరాలో? నీళ్లు దాగుతుంటె కూడ రొప్పుతలేదా?"

అంతే. ఒక్కరు కూడా తనకు కావాలనలేదు. పక్కింటి వాళ్లకు కావాలని మాత్రం అరిచారు. ఎవరి పిల్లకు జ్వరం, ఎవరి ముసలమ్మకు గుండె దడ, ఎవరు సందు దగ్గర చోటుకోసం కబుర్లు చెప్పినట్టు నటించారు, అన్నీ బయటపడ్డాయి. ఇందుప్రియ రాస్తూనే ఉంది. రంగు కాగితాలు అయిపోతే చెయ్యి మీద రాసుకుంది.

వైకుంఠం సార్ మొహం వెలిగిపోయింది. "ఇదే! దీని కోసమే నేను ఎదురుచూశాను! వినియోగదారుడిని అడగకూడదు, పక్కింటివాడిని అడగాలి! దీనికి పొరుగు పద్ధతి అని పేరు పెడుతున్నాను. మన ఓటమే మన గెలుపు!" పిల్లలు చప్పట్లు.

"పంకా?" అన్నాను.

"తప్పకుండా. కొత్తగా మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టి, ఆరు నెలల్లో..."

ఈలోపల మధునమ్మ కుర్చీల మధ్య చాప పరుచుకుంది. పడుకుంది. ఆ హాల్లో గాలి ఉంది కదా. ఒక పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, వారం తర్వాత మొదటిసారి నడుము వాల్చి నిద్రపోయింది. నిమిషంలో గురక.

చంద్రమ్మ కూడా కొంగు పరిచింది. పోశాలు తల్లిని రెండు కుర్చీల మీద పడుకోబెట్టాడు. కాసేపట్లో ముప్పై ఎనిమిది ఇళ్లూ అక్కడే పడుకున్నాయి.

"ఇదేమిటండీ? మూడు గంటలకు ఇక్కడ చందాదారుల సమావేశం ఉంది," అన్నాడు సార్.

"మెల్లగ మాట్లాడుండ్రి," అన్నాను. "పండుకున్నది."

ఆయన నిజంగానే గొంతు తగ్గించాడు. గుసగుసగా ఇందుప్రియను పిలిచాడు. ఆమె గుసగుసగా నలుగురు పనివాళ్లను పిలిచింది. మూడు కాకముందే మా పంకా కిందికి దిగింది.

రోజు 19

పంకా తిరుగుతోంది. రిబ్బను కట్టి, 'పొరుగు గాలి యంత్రం, సరికొత్త ఆవిష్కరణ' అని రాశారు. ఆ పంకాను మా మామ కాలంలో బిగించారు, వెనక తుప్పు అట్లాగే ఉంది. సార్‌కు దీని మీద పెద్ద బిరుదు ఒకటి వచ్చిందట. అట్ట పంకాను బడిలో అద్దాల పెట్టెలో పెట్టారు. మీట ఎవరూ నొక్కకుండా కాపలా కూడా పెట్టారట.

సంతోషం తాత బొమ్మను మాకే ఇచ్చారు. చంద్రమ్మ అటక మీద పుట్టగొడుగుల బుట్టకు మూతగా పెట్టుకుంది.

పేలిక మళ్లీ గ్యాలరీ వైపు ఎగురుతోంది. పుట్టగొడుగుల బండి రెండుసార్లు వచ్చింది, ఇబ్బంది లేకుండా పంపాను.

సాయంత్రం ఇందుప్రియ డాక్టర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. రంగు కాగితాల్లో పేరున్న వాళ్లందరినీ చూడాలట. మధునమ్మ వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు, మందు రాశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

ఏం లేదు సార్ అనబోయాను. మధునమ్మ గరిటె పట్టుకుని నా వైపే చూస్తోంది.

"ఒక ఏడాది," అన్నాను.

ఆమె చూపు తిప్పలేదు.

"రెండు."

డాక్టర్ రాసుకున్నాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

"నాలుగు సార్," అన్నాను. "నాలుగేండ్లు. కొంచెం నెత్తురు గూడ పడుతది."

మధునమ్మ గరిటె కింద పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది.